హెల్మెట్ లోపల ఉన్నది నేనే

ఆ రోజుల్లో నాకు ఆకలి ఎంత తొందరగా వేసేదో అవమానం కూడా అంతే తొందరగా తగిలేది. ఆకలికి అమ్మ ఉండేది. అవమానానికి ఎవరూ లేరు కాబట్టి దాన్ని దాచుకునేవాణ్ణి. ఇప్పటికీ అవన్నీ నా దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. బడిలో నా జామెట్రీ బాక్సు అడిగి తీసుకుని కంపాసు ముల్లు విరిచి ఇచ్చినవాడు, అక్క పెళ్ళి పంక్తిలో నన్ను ఒక్కణ్ణే దాటేసి పాయసం వడ్డించుకుంటూ పోయిన చిన్నాయన, అందరూ గుర్తే. (చిన్నాయన పోయాడు. పాయసం సంగతి ఆయనతో మాట్లాడే అవకాశం రాలేదు.) మంచివాళ్ళు ఇలాంటివి మరిచిపోతారని మా అమ్మ అంటుంది. అందరూ మంచివాళ్ళయి మరిచిపోతే జరిగిన అన్యాయానికి దిక్కెవరని నా బాధ. నేను దాచుకున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది ఏరియూరు పందెం. దాన్ని సరిదిద్దడానికి పోయి నేను ఒక గోడ నిండా కావేరిని తెచ్చుకున్న సంగతి ఇప్పుడు చెబుతాను. చదివేవాళ్ళు నా పక్షానే ఉంటారని నమ్మకం.

అప్పుడప్పుడే తమిళనాడులోని ధర్మపురిలో, పెన్నాగరం రోడ్డు మీద, సొంతంగా బండ్లు రిపేరు చేసే షెడ్డు పెట్టుకున్నాను. ఏరియూరు దగ్గర ఎండిపోయిన చెరువులో పండుగకు కుర్రవాళ్ళు మోటారుసైకిల్ పందెం పెట్టారని తెలిసి, నా పాత టూ స్ట్రోక్ బండిని నేనే విప్పి నేనే బిగించి తీసుకుపోయాను. గెలుపు గీతను సున్నంతో వేశారు. మేము చెరువు చుట్టి వచ్చేలోపు ఒక మేకలమంద ఆ గీతను తొక్కుకుంటూ పోయింది. మిగిలింది ఉత్త మట్టి. గీత ఎక్కడ ఉండేదో నాకు తెలుసు. అందరికన్నా ముందు దాటాను, దాటాను కాబట్టి బ్రేకు పట్టాను. నా వెనక వస్తున్నవాడు బ్రేకు పట్టలేదు. గీత ఇంకా ముందుకు ఉండేదనీ, నేను చివర్లో భయపడి ఆగిపోయాననీ, గెలిచింది అతననీ కమిటీవాళ్ళు తేల్చారు. ఆ పండుగకు మైకుసెట్టు ఉచితంగా ఇచ్చింది ఆ కుర్రవాడి మేనమామ. ఇంతకన్నా నేనేమీ అనను. అతనికి మాత్రం ఆ రోజు నుంచి మైకుసెట్టు అని పేరు పెట్టుకున్నాను. మొదటి బహుమతి ఎవర్‌సిల్వర్ అండా, అంటే పెద్ద స్టీలు పాత్ర. రెండో బహుమతి ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్. మా అమ్మ సంతోషంగా దాన్ని స్నానాలగదిలో పెట్టింది. ఆ తరవాత కొన్నేళ్ళపాటు ప్రతి ఉదయం నా ఓటమిలో నీళ్ళు నింపుకుని నెత్తిన పోసుకున్నాను.

మైకుసెట్టు రోజూ పొద్దున మా షెడ్డు ముందు నుంచే మేనమామ అంగడికి పోతాడు. షెడ్డు పక్కగోడ రోడ్డువైపే ఉంటుంది. ఖాళీగా, తెల్లగా, నన్ను చూసి జాలిపడుతున్నట్టు ఉండేది. ఒకరోజు దాన్ని చూస్తూ ఉండగా నాకు దారి దొరికింది. కమిటీవాళ్ళు తీర్పు చెప్పారు సరే, గోడ నాది. దాని మీద పందెం గీయిస్తాను. ముందు నేను, వెనక వాడు. వాడు బతికినంతకాలం రోజుకు రెండుసార్లు, పోతూ ఒకసారి వస్తూ ఒకసారి, దాన్ని చూసుకుంటూ పోవాలి.

అలాంటి పనికి బి. మల్లాపురం నుంచి ఒక ఆయనను పిలిపించమని అందరూ చెప్పారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు క్యాలెండరు బొమ్మలు చూసి ఇంటి గోడలు పాడుచేసి తన్నులు తిని, ఆ తన్నులు అయిపోయేసరికి చెయ్యి కుదిరిందట. లారీల వెనక నెమళ్ళు, పాలసంఘం గోడ మీద ఆవు, మునియప్పన్ గుళ్ళల్లో స్వామి గుర్రాలు అన్నీ ఆయనవే. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. మాకు చుట్టం కాకపోయినా పెద్దవాడు కాబట్టి నేను మామా అన్నాను. ఆ లెక్కన మా అమ్మకు అన్న అయ్యాడు. బస్సు దిగి, సంచీ కింద పెట్టి, గోడను చేత్తో తడిమి చూసి, ఏం గీయాలని అడిగాడు. ఏరియూరు అన్యాయమంతా మొదటి నుంచి చెప్పాను. ఓపికగా విన్నాడు. (నా కథను మధ్యలో ఆపకుండా విన్న మొదటి మనిషి. అది కూడా గుర్తు పెట్టుకున్నాను. నేను మంచివి కూడా గుర్తు పెట్టుకుంటాను, ఎవరూ నమ్మరు గానీ.)

"సరే, ముందర నువ్వు. వెనకాల వాడు. వాని వెనకాల ఏముండాది?" అన్నాడు.

"ఏముంటాది మామా, చెరువు మట్టి."

"మట్టిగోడకు మట్టి పూసేదానికి నేనెందుకప్పా? పందెం ఒక గడియ, అయిపోతాది. కొండ అయిపోదు. వెనకాల కొండ, నీళ్ళు పెట్టుకో. వాటితో పాటు నీ పందెం కూడా నిలబడి ఉంటాది."

నా పందెం నిలబడుతుందన్న మాటకు పడిపోయాను. కావేరి దూకే ఒగేనకల్ జలపాతం పెట్టమన్నాను. ఏరియూరు చెరువులో జలపాతమేమిటని ఎవరూ అడగరు, ఎందుకంటే మా వైపు గోడ మీద నీళ్ళు గీస్తే అది ఒగేనకల్ కాక మరొకటి కాదు.

నాకు అప్పుడు తెలియనిది ఆయన పని చేసే తీరు. దూరంగా ఉన్నదాన్ని ముందు గీస్తాడు, దగ్గరున్నదాన్ని చివర గీస్తాడు. ముందు ఆకాశం. ఆకాశం ఆరాక కొండలు. కొండలు ఆరాక రాళ్ళు, నీళ్ళు, చెట్లు. ఎండ ఎక్కగానే బ్రష్షులు కడిగేస్తాడు. పందెంలో అందరికన్నా ముందున్నవాణ్ణి నేను కాబట్టి, ఈ లెక్కన అందరికన్నా చివర పుట్టేది నేను. నా గోడ మీద నా పందెంలో నాకే చోటు దొరకలేదని గొణిగితే, "నీ చోటు ఈడ పెట్టినా, యాడికీ పోదు" అని కింద ఒక మూల చూపించేవాడు. ఈలోపు జలపాతం పెద్దదవుతూ పోయింది. బస్సులో పోయేవాళ్ళు తల బయటపెట్టి చూసేవాళ్ళు. ఒక కుటుంబం ఆగి, పిల్లలను ఆ నీళ్ళ ముందు నిలబెట్టి ఫోటో తీసుకుంది. పక్కన టీకొట్టు అక్క, ఆ నీళ్ళల్లో ఒక పరిసల్, అంటే బుట్టపడవ, తోసేవాణ్ణి తన తమ్ముడి పోలికలో పెట్టమని మామను బతిమాలుకుంది. పెట్టాడు గానీ, వీపు ఇటు తిప్పి పెట్టాడు. షెడ్డు మీద నా పేరు పెద్దపెద్ద తమిళ అక్షరాల్లో రాసి ఉన్నా, ఊళ్ళో అందరూ దాన్ని అరువి షెడ్డు, అంటే జలపాతం షెడ్డు అనడం మొదలుపెట్టారు. నేను పెట్టుకున్న పేరు మా అమ్మకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

బండ్లు గీసే వంతు వచ్చాక ఇంకో చిక్కు. మామ జీవితంలో మోటారుసైకిల్ ఎక్కలేదు. వేగం ఎట్లా ఉంటుందో తెలియకుండా గీయలేనన్నాడు. వెనక కూర్చోబెట్టుకుని, ఊరు దాటాక, నాకు చేతనైనంత వేగం చూపించాను. ఆయన నా నడుము పట్టుకున్న పట్టుకు రెండు రోజులు నొప్పి పుట్టింది. దిగాక ఏం చూసినావని అడిగితే, "ఏం చూసేది, కండ్లు మూసుకొనుంటి. చెవుల్లో గాలి ఉండింది, అంతే" అన్నాడు. మరుసటి రోజు వచ్చి ఆ గాలిని గీశాడు. గోడ మీద చెట్లన్నీ వెనక్కి వంగిపోయాయి. కొండ మీద గడ్డి కూడా వంగింది. బండ్లు మాత్రం స్వామి గుర్రాల్లాగా నిటారుగా నిలబడి ఉన్నాయి. ఇది ఏ తుపానప్పా అని టీకొట్టు దగ్గర అడిగేవాళ్ళు. మైకుసెట్టు బండిని నా బండి కంటే ఎక్కువ మెరిపించాడని కూడా నేను అభ్యంతరం చెప్పాను. ఓడిపోయేవాడి బండి అంత మెరవకూడదు. "ఎండ వాని పక్క ఉండాది, నేనేం చేసేది" అన్నాడు.

చివరికి నా మొహం మిగిలింది. ఒక పొద్దున వచ్చి చూద్దును కదా, నా తల చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి ఉంది. హెల్మెట్. ఆ రోజు చెరువులో ఒక్కడు కూడా హెల్మెట్ పెట్టుకోలేదు. మొహం కనిపించకపోతే గెలిచింది నేనని ఎవరికి తెలుస్తుంది? ఈ మాట నేను అంటూ ఉండగానే మైకుసెట్టు అటు పోతూ బండి ఆపాడు. గోడను పైనుంచి కింది దాకా చూసి, ముందు పోతున్న హెల్మెట్ తలను చూసి నవ్వి, "ముందర ఉండేది నేనే కదప్పా? పెద్ద మనసు నీది" అని పోయాడు. టీకొట్టు దగ్గర ఇద్దరు నవ్వారు. వాళ్ళు ఎవరో చెప్పగలను, చెప్పను.

హెల్మెట్ తీసేయమని మామను పట్టుకున్నాను. ఆయన టీ తాగడం ముగించాడు. తరవాత నిదానంగా చెప్పాడు. గుళ్ళో స్వామికి కళ్ళు అన్నిటికన్నా చివర, అద్దంలో చూస్తూ తెరుస్తారు. అది స్వామికి. మనుషులకైతే పోయినవాళ్ళకే, ఫోటో చూసి, పటం కట్టడానికి. బతికి ఉండే మనిషికి తను గోడ మీద కళ్ళు తెరవడు. ఊరంతా గోడల మీద, బ్యానర్ల మీద బతికి ఉన్న నాయకులు పళ్ళు చూపించి నవ్వుతున్నారు కదా, వాళ్ళకు ఏమైందని అడిగాను.

"అది మిషను కొట్టిందప్పా. మిషనుకు ఏమీ తెలీదు. చేతికి తెలుస్తాది."

అని గ్లాసు కింద పెట్టాడు. తరవాత, అడగకుండానే, ఒకసారి ఒక గుడి గోడ మీద నీళ్ళకు పోయే ఆడమనిషిని గీయాల్సి వస్తే, చూసి గీయడానికి వేరే మొహం దొరక్క ఇంట్లో ఉన్న మనిషినే కూర్చోబెట్టి గీశానన్నాడు. "మీ అత్తే. బాగా వచ్చింది. అందరూ బాగుండాదనిరి. ఆ ఏడే పోయింది."

నేనెంత మొండివాణ్ణయినా దానికి బదులు చెప్పేంత మొండివాణ్ణి కాను. కొన్ని రోజులు ఆ మాట ఎత్తలేదు. కానీ మైకుసెట్టు రోజుకు రెండుసార్లు పోవడం మానలేదు. పోయిన ప్రతిసారీ గోడ వైపు చూసి, హారన్ కొట్టి, గెలిచినవాడు జనానికి చెయ్యి ఊపినట్టు ఊపేవాడు. నాకు అన్నం సహించలేదు. మళ్ళీ మామ దగ్గర కూర్చున్నాను. ఆయన నమ్మకం ఆయనదనీ, నాకేమీ కాదనీ, అయినా నేను చూసుకుంటాననీ, గోడ మీద కూడా నన్ను రెండోవాణ్ణి చేస్తే నేను ఇంక షెడ్డు తెరవలేననీ చెప్పాను. ఆయన నన్ను చూసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, వెలుతురు వైపు తిరిగి కూర్చోమన్నాడు.

రెండు పొద్దులు కూర్చున్నాను. ఆయన చెయ్యి కొండలు గీసినప్పటిలాగా పోలేదు. నుదురు వచ్చింది, చెవులు వచ్చాయి, నా ముక్కు నేను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కళ్ళచోట రెండు ఖాళీలు వదిలేశాడు. రేపు చూద్దాం అన్నాడు. ఆ మధ్యాహ్నమే మా అమ్మ అన్నం క్యారియర్ తీసుకుని వచ్చింది. నేను ఒక బండి పక్కన కూర్చుని చైను సరిచేస్తున్నాను. అమ్మ మాట వినపడకపోయేసరికి తల ఎత్తి చూశాను. గోడ ముందు నిలబడి ఉంది. కళ్ళు లేని నా మొహాన్ని చూస్తోంది. క్యారియర్ కింద పెట్టింది. కొంగు చేతికి చుట్టుకుని, ముందుకు వంగి, ఇంకా ఆరని నా మొహాన్ని తుడిచేసింది. గట్టిగా, పిల్లవాడి మూతి తుడిచినట్టు. ఎనామిల్ పెయింటు అంత తొందరగా పోదు. నా నుదురు, ముక్కు, చెవులు అన్నీ కలిసి చెరువు మట్టిరంగు మరకయ్యాయి.

"బతికుండేవాళ్ళకు మొగం గీయకూడదని నీకు తెలిసి కూడా ఎట్ల ఒప్పుకుంటివన్నా?" అని అడిగింది మామను.

"నీ కొడుకు వదల్లేదమ్మా."

"వాడు దేన్ని వదిలినాడు." అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ముందర వచ్చినావని నాకు తెలిస్తే చాలదారా?"

చాలదన్నాను. ఆ వయసులో అమ్మకు తెలియడమంటే ఎవరికీ తెలియనట్టే.

"చాలకపోతే చాలకపోనీ. నీ మొగం నాకు ఇంట్లో ఉండాల. గోడ మీద వద్దు."

మామ తల వంచుకుని బ్రష్షులు కడుక్కున్నాడు. ఇంత పెద్ద అన్యాయం జరిగాక కూడా నేను కూర్చుని క్యారియర్ ఖాళీ చేశాను. వంకాయ పులుసు. ఎదురు తిరగడానికి అది మంచి కూర కాదు.

మరుసటి రోజు మామ ఆ మరక మీదే హెల్మెట్ గీశాడు. ఎర్రటి హెల్మెట్. కళ్ళుండాల్సిన అద్దంలో నల్లరంగు నింపేస్తాడనుకున్నాను. అలా చెయ్యలేదు. అన్నిటికన్నా సన్నని బ్రష్షు తీసుకుని, ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా కూర్చుని, ఆ అద్దంలో చిన్న కొండ, దాని కింద తెల్లటి నీళ్ళు, ఇంత ఆకాశం గీశాడు. గోడ మీద ఉన్నదంతా ఆ నాలుగు వేళ్ళ వెడల్పులో మళ్ళీ ఉంది. లేచి వెనక్కి జరిగి, "ఇది నువ్వు చూసేది. మొగం అడిగితివి, ఇవ్వలేకపోతిని. చూపు ఇచ్చినా" అన్నాడు. ఏమనాలో తోచనప్పుడు నేను తప్పు పడతాను. జలపాతం నా వెనక ఉంది కదా, ముందున్న అద్దంలోకి ఎట్లా వచ్చిందని అడిగాను. ఆయన సంచీ సర్దుకుంటూ, కావేరి రెండు పక్కలా పారుతుందిలే అన్నాడు.

పని అయిపోయిన నాలుగైదు రోజులకు మైకుసెట్టు బండిని తోసుకుంటూ వచ్చాడు. క్లచ్ కేబుల్ తెగిపోయింది. ఊళ్ళో ఇంకా షెడ్డులు ఉన్నాయి, తెగడం మాత్రం నా షెడ్డు ముందు తెగింది. నేను కొత్త కేబుల్ వేస్తూ ఉన్నాను. అతను గోడ ముందు నిలబడ్డాడు. దూరం నుంచి చూసి చెయ్యి ఊపడం వేరు, దగ్గర నిలబడి చూడడం వేరు. చాలాసేపు చూశాడు. వెనక వస్తున్న బండి మీద ఉన్నవాడికీ హెల్మెటే, నీలంది. ఇద్దరిలో ఎవరు ఎవరో చెప్పడానికి ఏ గుర్తూ లేదు.

"ముందర పోయేది ఎవరప్పా, నిజంగా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"చూస్తా ఉండావు కదా."

"మొగం లేదే."

"మొగం లేకపోతే ఏం. నీకు తెలుసు కదా."

స్పానరు నా చేతిలోనే ఉండిపోయింది. నేను అంత చిన్న మాట జీవితంలో అనలేదు. నా దగ్గర అతని కోసం పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. మేకల గురించి, సున్నం గురించి, మైకు గురించి, అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. అతను గోడ వైపే తిరిగి ఉన్నాడు. మెడ కొంచెం ఎర్రబడింది.

"తెలుసు," అన్నాడు. తరవాత, "కేబుల్ అయిందా?" అన్నాడు.

అయింది. బండి ఎక్కి పోయాడు. పోతూ హారన్ కొట్టలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు. కానీ నా ఖర్మ చూడండి. అతను ఆ మాట అన్నప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. టీకొట్టు అక్క కూడా పాలకు పోయి ఉంది. పందెంలో ఓడిపోయానని వందమంది ముందు మైకులో చెప్పారు. గెలిచానని మాత్రం ఒక్క సాక్షి లేకుండా, పోయే లారీ చప్పుడులో, గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఇదెక్కడి న్యాయమో మీరే ఆలోచించండి. ఇంటికి పోయి అమ్మకు చెబితే, ఇప్పుడు ఇద్దరికి తెలిసింది కదా, కడుపు నిండిందా అని అడిగింది. నిండలేదన్నాను. కానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

షెడ్డు అక్కడే ఉంది, జలపాతం షెడ్డు అనే పేరుతోనే. మైకుసెట్టు ఇప్పుడు పొట్ట వేసుకుని స్కూటీ మీద తిరుగుతాడు, సర్వీసుకు నా దగ్గరికే వస్తాడు. పందెం గురించి ఇద్దరమూ మాట్లాడుకోము. మామ చూపు తగ్గి పని మానేశాడు. ఆ మధ్య మల్లాపురం వైపు పోయినప్పుడు కలిస్తే నా చెయ్యి పట్టుకుని తడిమి, ఆ గోడ గీసేటప్పుడు నువ్వు పక్కన గొణుగుతా ఉంటివే, ఆ గొంతే అని గుర్తుపట్టాడు. గోడ మీద ఆకాశం చాలావరకు రాలిపోయింది. వంగిన చెట్లు వెలిసిపోయాయి, ఇప్పుడు తుపాను గురించి ఎవరూ అడగరు. ముందు పోయేవాడు మాత్రం అట్లాగే ఉన్నాడు. మొహం మీద మరక, మరక మీద హెల్మెట్ అని మూడు పొరల పెయింటు పడింది కదా, ఆ చోట గోడ రాలడం లేదు.

పొద్దున షట్టరు ఎత్తే ముందు ఒక్కోసారి అతని ముందు నిలబడతాను. అద్దంలో ఇంత కొండ, ఇంత నీళ్ళు పెట్టుకుని, వెనక ఎవరు వస్తున్నారో, పక్కన ఎవరు చూస్తున్నారో అన్న ధ్యాసతోనే దూసుకుపోతున్న ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. అంత తొందర ఎందుకురా, కొంచెం నిదానంగా పో, ఆ నీళ్ళను చూసుకుంటూ పో అని చెప్పాలనిపిస్తుంది. నోటి దాకా వస్తుంది. చెప్పను. చెబితే ఆ మాట కూడా మనసులో పెట్టుకుంటాడు.